మా ముత్తాత గడియారానికి కర్త ఎవరు?

మా ఇంట్లో ఒక పాత జేబు గడియారం ఉంది. వెండి డొప్ప, తెల్లని ఎనామిల్ ముఖం, నల్లని అంకెలు. ముఖం మీద ఎక్కడా కంపెనీ పేరు లేదు. ఇన్నేళ్ళూ అది నాయనమ్మ రేకు పెట్టెలో, పట్టుగుడ్డ ముక్కలో చుట్టబడి ఉండేది. ఏడాదికోసారి సంక్రాంతికి బయటికి తీసి తుడిచి మళ్ళీ లోపల పెట్టేవాళ్ళు.

నిరుడు కోతల వేళకు వానలు పట్టుకున్నాయి. పనల మీదే వడ్లు మొలకెత్తాయి. చెల్లెలి ఇంటరు పూర్తయింది, పై చదువుకు ఫీజు కట్టాలి. "నువ్వు సైన్సు చదువుతున్నావుగా, ఆ గడియారం ఏ కంపెనీదో, ఏపాటి చేస్తుందో కనుక్కోరా" అన్నారు నాన్న. సైన్సు చదివేవాడికి లోకంలో అన్నీ తెలిసి ఉంటాయని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టడం ఇష్టంలేక సరేనన్నాను.

ఏ కంపెనీ? ఈ ఒక్క ప్రశ్న నన్ను నాలుగు నెలలు తిప్పింది. ఆ తిరుగుడులో తెలుసుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాను. మీ ఇళ్ళలోనూ అటకల మీద ఇలాంటివి ఉండవచ్చు. నేను పడ్డ గుంటలో మీరు పడకుండా ఉంటే అదే పదివేలు.

క్రోనోగ్రాఫ్ అంటే ఏమిటి?

మాది మామూలు జేబు గడియారం కాదు, క్రోనోగ్రాఫ్. మన ఫిజిక్సు ల్యాబులో లోలకం డోలనాలు లెక్కపెట్టేటప్పుడు వాడే స్టాప్ వాచీ తెలుసు కదా. ఆ స్టాప్ వాచీని, మామూలు గడియారాన్ని ఒకే డొప్పలో కాపురం పెట్టిస్తే అది క్రోనోగ్రాఫ్. గంటల ముల్లు, నిమిషాల ముల్లు తమ దారిన తాము తిరుగుతుంటాయి. మధ్యలో ఉన్న పొడవాటి సెకన్ల ముల్లు మాత్రం మనం నొక్కితే కదులుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, మూడోసారి నొక్కితే సున్నాకు దూకుతుంది.

గ్రీకు భాషలో ఈ పేరుకు అర్థం 'కాలాన్ని రాసేది' అని. రాయడం అన్నది ఉత్త మాట కాదు. 1821లో పారిస్‌లో గుర్రప్పందేలు జరిగినప్పుడు నికొలా రియూసెక్ అనే గడియారాల పనివాడు తెచ్చిన యంత్రం, ఒక్కొక్క గుర్రం గీత దాటగానే తిరిగే పలక మీద సిరా చుక్క పెట్టేది. మరుసటి ఏడు దానికి పేటెంటు వచ్చింది. ఇప్పుడు సిరా పోయింది, పేరు మిగిలింది.

ముల్లు సున్నాకు దూకే కిటుకు అందరికంటే ముందు నన్ను ఆకట్టుకుంది. ముల్లు ఇరుసుకు చిన్న ఉక్కు బిళ్ళ ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని గుండె ఆకారం అన్నారు. నా కళ్ళకు మాత్రం అది అచ్చం తమలపాకు. గుండీ నొక్కగానే ఒక చిన్న సుత్తి వచ్చి ఆ ఆకు అంచు మీద పడుతుంది. ఎక్కడ పడ్డా సరే, అంచు వెంట జారి ఆకు తొడిమ దగ్గరి పల్లంలో కుదురుకుంటుంది. దానితోపాటు ముల్లు తిరిగి సున్నా దగ్గర నిలుస్తుంది. 1844లో అడాల్ఫ్ నికోల్ దీనికి పేటెంటు పొందాడు. ఆ ఆకు బిళ్ళతో మొదలుపెట్టడం, ఆపడం, సున్నాకు తేవడం మూడూ చేసే క్రోనోగ్రాఫ్ 1862 నాటికి తయారైంది.

మేము చేసిన పొరపాట్లు

గడియారం వెనక మూత తీస్తే లోపల ఇంకో మూత ఉంది. దాని నిండా ఫ్రెంచి అక్షరాలు. హాస్టల్లో ఐదుగురం భూతద్దంతో మీద పడ్డాం. పెద్ద అక్షరాల్లో 'రెమోంట్వార్' అని ఉంది. "దొరికింది! రెమోంట్వార్ కంపెనీ!" అని అరిచాడు మా రూమ్మేటు. ఆ రాత్రి ఆ కంపెనీ పేరు మీద మెస్‌లో టీ పార్టీ కూడా అయింది. తీరా చూస్తే, వేరే తాళంచెవి అక్కర్లేకుండా గుండీ తిప్పి కీ ఇచ్చుకునే గడియారం అని ఆ మాటకు అర్థం! సైకిలు మీద 'ట్యూబు, టైరు' అని రాసి ఉంటే అది కంపెనీ పేరనుకున్నట్టయింది మా పని.

కింద '0.935' అని ఉంది. అది మోడల్ నెంబరన్నాడు ఇంకొకడు. అదీ కాదు. వెయ్యి పాళ్ళలో 935 పాళ్ళు వెండి అని దాని అర్థం. 'ఆంక్ర్' అంటే లంగరు. గడియారంలో లంగరు ఆకారపు మీట ఉందని చెప్పడమే తప్ప అదీ పేరు కాదు. '15 రూబీ' అంటే ఇరుసులు అరగకుండా 15 రాళ్ళు పొదిగారని. వెండి లేని గడియారాల మీద 'అర్జంటన్' అని ఉంటుందట. చదివితే వెండిలాగే వినిపిస్తుంది గానీ, అది రాగి, నికెలు, జింకు కలిసిన లోహం.

ఇవన్నీ నవ్వుకునే పొరపాట్లు. నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది. అదే మూత మీద 'స్పైరల్ బ్రెగే' అని రాసి ఉంది. పాత వస్తువులు కొనే ఒకాయనకు పట్నంలో చూపిస్తే, ఆయన కళ్ళు పెద్దవి చేసి "బ్రెగే అండీ! యూరప్ రాజులు కట్టుకున్న కంపెనీ. లక్షల్లో మాట. కాకపోతే సర్టిఫికెట్టు తెప్పించాలి, ఖర్చులకు ముందుగా 8,000 ఇవ్వండి" అన్నాడు. నాన్న ఆ డబ్బు కోసం అప్పుడే ఊళ్ళో ఒకరిని అడిగారు కూడా.

గడియారాల సాయిబుగారు

డబ్బు కట్టే ముందు రోజు, ఎందుకైనా మంచిదని మా కాలేజీ దారిలో వాచీలు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి వెళ్ళాను. బడ్డీ కొట్టంత దుకాణం. డెబ్భై దాటిన మనిషి. కంటికి అద్దం బిగించుకుని ఒక్క నిమిషం చూసి నవ్వారు.

"బ్రెగే కంపెనీ కాదు బాబూ, బ్రెగే చుట్ట" అన్నారు.

బ్యాలెన్సు చక్రాన్ని ఇటూ అటూ ఊపే సన్నటి వెంట్రుక స్ప్రింగు ఉంటుంది. దాని చివరి చుట్టును కొంచెం పైకి లేపి లోపలికి వంచితే అది అన్ని వైపులకూ సమంగా విప్పారుతుంది, గడియారం మరింత నికరంగా నడుస్తుంది. ఈ ఉపాయం 1795లో అబ్రహాం లూయీ బ్రెగేకు తట్టింది. ఆ తర్వాత వందలాది మంది పనివాళ్ళు అదే పద్ధతి వాడుకున్నారు, మూతల మీద గొప్పగా రాసుకున్నారు. అంతే తప్ప, గడియారం ఆయన చేసింది కాదు.

మా 8,000 మిగిలాయి. ఆ రోజు నుంచి నేను సాయంత్రాలు సాయిబుగారి దగ్గర ముక్కాలిపీట మీద కూర్చోవడం మొదలుపెట్టాను. "గడియారాన్ని నాలుగు చోట్ల చదవాలి. ఒక్కచోట చదివి చెప్పినవాడు అబద్ధమాడతాడు" అనేవారాయన.

నాలుగు చోట్ల చదవడం

మొదటిది ముఖం. ముఖం మీది పేరు చాలాసార్లు అమ్మినవాడిది, చేసినవాడిది కాదు. లండన్ దుకాణదారులు స్విట్జర్లాండు నుంచి గడియారాలు తెప్పించి తమ పేరే వేసుకునేవాళ్ళు. చేసినవాడి పేరు ఉండటం వాళ్ళకు ఇష్టం ఉండేది కాదు. మా దాని మీద ఆ పేరు కూడా లేదు. అడుగున ఆరు అంకె దగ్గర చీమ తలంత అక్షరాల్లో 'స్విస్ మేడ్' అని మాత్రం ఉంది. 1887లో ఇంగ్లండు, 1890లో అమెరికా తమ దేశాలకు వచ్చే సరుకు మీద పుట్టిన దేశం సంగతి దాచకూడదని చట్టాలు తెచ్చాక ఇలా రాయడం వాడుకైంది.

రెండోది డొప్ప. స్విస్ ప్రభుత్వం 1880లో బంగారు, వెండి డొప్పల నాణ్యతకు చట్టం చేసి, జంతువుల ముద్రలు పెట్టింది. ఎలుగుబంటి ఉంటే వెయ్యికి 875 పాళ్ళ వెండి. అడవికోడి ఉంటే 800. ఉడుత ఉంటే 14 క్యారెట్ల బంగారం. హెల్వెషియా అనే స్త్రీ తల ఉంటే 18 క్యారెట్లు. ఇంగ్లండు చట్టం దెబ్బకు 1887 నుంచి 935 పాళ్ళ వెండికి మూడు ఎలుగుబంట్ల ముద్ర వచ్చింది. మా గడియారంలో మూడూ ఉన్నాయి! రెండు పైన, ఒకటి కింద. అంటే మాది 1887కు ముందుది కాదని తేలింది.

ఆ పక్కనే రెండు అక్షరాల గుర్తు ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "తొందరపడకు, అది డొప్ప చేసినవాడిది" అన్నారు సాయిబుగారు. యంత్రం చేసినవాడు వేరు, డొప్ప చేసినవాడు వేరు. ఇంగ్లండులో అమ్మిన గడియారాలతో ఇంకా చిక్కు. 1907 జూన్ నుంచి అక్కడికి వచ్చే వెండి, బంగారు డొప్పల మీద అక్కడి పరీక్ష కార్యాలయం ముద్ర పడాల్సిందే. ఆ ముద్ర పక్కన ఉండే పొడి అక్షరాలు దిగుమతి చేసుకున్నవాడివి. 'జి.ఎస్.' అనే అక్షరాలు తరచుగా కనబడతాయి. అవి జార్జ్ స్టాక్‌వెల్‌వి. వాళ్ళది సరుకు రవాణా కంపెనీ. గడియారంలో ఒక్క మర కూడా వాళ్ళు చేయలేదు.

ఆ ఇంగ్లండు ముద్ర మా దాని మీద లేదు. "అయితే 1907కు ముందుదన్నమాట" అన్నాను. అక్కడా తప్పే. ఆ చట్టం ఇంగ్లండుకు వెళ్ళే సరుకుకే. ఫావ్ర్ ల్యూబా లాంటి స్విస్ వర్తకులు 1865 నుంచే బొంబాయిలో ఉన్నారు. నేరుగా మన దేశానికి దిగిన గడియారానికి ఆ ముద్ర ఉండాల్సిన పని లేదు. ఒక గుర్తు ఉండటం సాక్ష్యమే గానీ, లేకపోవడం అన్నిసార్లూ సాక్ష్యం కాదు. ల్యాబులో ఎన్ని ప్రయోగాలు చేసినా ఈ పాఠం నాకు ఇంతగా ఎక్కలేదు.

మూడోది పేటెంటు గుర్తులు, పతకాలు. చిన్న శిలువ గుర్తు, దాని పక్కన అంకె ఉంటే అది స్విస్ పేటెంటు నెంబరు. ఆ దేశంలో పేటెంట్లు 1888లో మొదలయ్యాయి. నెంబరు ఉంటే ఎవరు ఏ ఏడు దాఖలు చేశారో వెతకవచ్చు. కానీ పేటెంటు ఒకరిది, దాన్ని కొనుక్కుని గడియారం చేసింది ఇంకొకరు కావచ్చు. మూత మీద 'పారిస్ 1900' అనో 'బెర్న్ 1914' అనో ప్రదర్శనల పతకాలు చెక్కి ఉంటే, గడియారం ఆ ఏటికి ముందుది కాదని చెప్పవచ్చు. మా దానికి ఇవేవీ లేవు.

నాలుగోది, అసలైనది, లోపలి యంత్రం. సాయిబుగారు దాన్ని డొప్పలోంచి తీసి నా చేతిలో పెట్టినప్పుడు నా వేళ్ళు వణికాయి. కాలేజీలో మా సారుని అడిగి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చాను. అడ్డం 42.9 మిల్లీమీటర్లు. గడియారాల వాళ్ళ పాత కొలత 'లీన్యు'. ఒక లీన్యు 2.256 మిల్లీమీటర్లు. భాగిస్తే సరిగ్గా 19! ఇక యంత్రం మీది వంతెనల ఆకారం, మీటల వంపులు చూడాలి. కోట బురుజులా నిలువు స్తంభాలతో ఉన్న చిన్న చక్రం ఉందా లేదా చూడాలి. నడిచే యంత్రానికీ సెకన్ల ముల్లుకూ పొత్తు ఎలా కుదురుతోందో చూడాలి. సెయింట్ ఇమియే ఊళ్ళో 1860లో పని మొదలుపెట్టిన ఎడ్వర్డ్ హోయర్, 1887లో రెండు చివర్లా పళ్ళున్న చిన్న ఇరుసు ఇటూ అటూ వాలే పద్ధతికి పేటెంటు పొందాడు. మా దానిలో అది లేదు. ఒక పళ్ళ చక్రమే పక్కకు జరిగి కలుస్తుంది. స్తంభాల చక్రం ఉంది. పని చాలా శుభ్రంగా ఉంది.

అదే ఊళ్ళోని లాంజిన్స్ లాంటి ఫ్యాక్టరీలు ఒకే కప్పు కింద మొత్తం గడియారం చేసి, వరుస నెంబర్లు పుస్తకాల్లో ఎక్కించాయి. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. యంత్రం మీద ఆ పేరూ, రెక్కల ఇసుక గడియారం గుర్తూ ఉంటే నెంబరు పంపి అడగవచ్చు. మా దానికి ముఖం ఊడదీసి వెనకవైపు కూడా వెతికాం. అక్కడ యంత్రం చేసినవాళ్ళు చిన్న గుర్తు వేసే అలవాటు ఉంది. ఏ గుర్తూ లేదు. ఒక నెంబరు మాత్రం ఉంది.

డొప్పలో మరలు ఒత్తుకున్న చోట వేరే పాత గాట్లు ఏవీ లేవు. "ఈ యంత్రానికీ ఈ డొప్పకూ ఇది మొదటి పెళ్ళే. విడాకులు, మారుమనువు కాలేదు" అన్నారు సాయిబుగారు.

పేరు ఎందుకు లేదు?

జురా కొండల్లో చలికాలం పొడవు. వాలే ద జూ అనే లోయ సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. నెలల తరబడి మంచు. పశువులు కొట్టంలో, మనుషులు ఇంట్లో. పొలం పని లేని ఆ నెలల్లో అక్కడి రైతులు కిటికీ పక్కన బల్ల వేసుకుని గడియారం భాగాలు చేసేవాళ్ళు. ఒక ఇంట్లో చక్రాలు, ఒక ఇంట్లో మరలు, ఇంకో ఇంట్లో మీటలు. క్రోనోగ్రాఫుల వంటి కష్టమైన పనికి ఆ లోయ పెట్టింది పేరు. వాళ్ళు చేసిన ముడి యంత్రాన్ని 'ఎబోష్' అంటారు. వర్తకుడు వాటిని కొని, మెరుగుపెట్టే వాళ్ళకు, రాళ్ళు పొదిగే వాళ్ళకు, ముఖం చేసే వాళ్ళకు ఇచ్చి, అన్నీ కూర్పించి అమ్మేవాడు.

1867లో వచ్చిన 'కాపిటల్' మొదటి సంపుటంలో మార్క్స్ శ్రమ విభజనకు ఉదాహరణ చెబుతూ ఈ గడియారాల పనివాళ్ళ పెద్ద జాబితానే ఇచ్చాడు. పాటెక్ ఫిలిప్ అంతటి జెనీవా సంస్థ కూడా ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ముడి యంత్రాల కోసం ఆ లోయలోని లెకూల్టర్ మీద ఆధారపడింది. అందుచేత 'ఈ గడియారం చేసిందెవరు?' అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ముడి యంత్రం ఒకరిది, డొప్ప ఒకరిది, కూర్పు ఒకరిది, అమ్మకం ఒకరిది. వ్యాకరణంలో చెప్పాలంటే క్రియ ఒకటే, కర్తలు అనేకులు.

నాయనమ్మ సాక్ష్యం

ముఖం అంచున నాకు మొదట అర్థం కాని అంకెలు ఉన్నాయి. 200 నుంచి తగ్గుతూ 40 దాకా. పక్కన '30 పల్సాసియోఁ' అని ఫ్రెంచి మాట. అది నాడి కొలబద్ద. గుండీ నొక్కి రోగి నాడి 30 సార్లు లెక్కపెట్టి ఆపాలి. ముల్లు ఎక్కడ ఆగితే అది నిమిషానికి నాడి వేగం. 30 కొట్టుకోవడానికి 25 సెకన్లు పడితే, 1800ను 25తో భాగించగా 72. లెక్క వేయకుండానే ముల్లు 72 దగ్గర ఉంటుంది. అంటే ఇది వైద్యుల కోసం చేసిన గడియారం.

ఈ మాట చెప్పగానే నాయనమ్మ "నేను చెప్పలా? డాక్టరుగారిదని మీ ముత్తాత అనేవాడు. ఏళ్ళ తరబడి ఆయన ఇంటికి మన బియ్యం వెళ్ళేవి. ఊరు విడిచిపోతూ బాకీ కింద ఇది చేతిలో పెట్టాడట" అంది. ఇన్నాళ్ళూ ఆమె మాట ముసలివాళ్ళ ముచ్చట అనుకున్నాం. చేసినవాడి పేరు దొరకలేదు గానీ, మా ఇంటి మాట నిజమని గడియారం ముఖమే చెప్పింది.

చివరకు తేలింది

ఇంకొక వర్తకుడు వచ్చాడు. "పేరు లేకపోవడమే లోపం. ముఖం మీద ఒక పెద్ద కంపెనీ పేరు వేయించేద్దాం. నాకు తెలిసిన మనిషి ఉన్నాడు. ధర నాలుగింతలు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, చెల్లెలి ఫీజు గుర్తొచ్చి నా మనసు ఒక్క క్షణం ఊగింది.

నాన్న మాత్రం మెల్లగా అన్నారు: "మన వడ్లు మిల్లుకు వెళతాయి. బస్తా మీద మిల్లు బ్రాండు వేస్తారు. మన పేరు ఎక్కడన్నా ఉంటుందా? అయినా తిన్నవాడికి అన్నం అన్నమే. ఎక్కడో కొండల్లో మనలాంటివాడే మంచులో కూర్చుని చేశాడంటున్నావు. వాడి పేరు ఎటూ పోయింది. దాని మీద ఇంకొకడి పేరు మనమెందుకు వేయడం? తెలిసింది తెలిసినట్టు రాసి పెట్టు. తెలియంది తెలియదని రాయి. అలా కొనేవాడు వస్తే అమ్ముదాం."

అలాగే ఒక అరఠావు మీద రాశాను. 'స్విస్ క్రోనోగ్రాఫ్. 19 లీన్యులు. 935 వెండి డొప్ప, మూడు ఎలుగుబంట్ల ముద్ర. 1887కు ముందుది కాదు. స్తంభాల చక్రం. వైద్యుల నాడి కొలబద్ద. యంత్రం, డొప్ప ఒకదానికొకటి మొదటి నుంచీ ఉన్నవే. చేసినవారు తెలియదు.' ఆ చివరి రెండు మాటలు రాయడానికే నాకు నాలుగు నెలలు పట్టింది.

చెల్లెలి ఫీజుకు మా చూడిగేదె వెళ్ళింది. కొన్నవాడు దాని కంపెనీ పేరు అడగలేదు, ఈనితే పూటకు ఎన్ని లీటర్లిస్తుందని మాత్రం అడిగాడు. గడియారం, దానితోపాటు ఆ అరఠావు మళ్ళీ రేకు పెట్టెలోకి చేరాయి.

మిత్రులారా! మీ ఇంట్లో ఇలాంటి గడియారం ఉంటే ముందు ఎవరికీ డబ్బు కట్టకండి. భూతద్దం తీసుకోండి, నాలుగు చోట్లా చదవండి, ఇంట్లో పెద్దవాళ్ళ మాట కూడా వినండి. పేరు దొరికితే సంతోషం. దొరక్కపోతే దాన్ని కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోండి. మాది మొన్న సాయిబుగారు నూనె వేశాక నడుస్తోంది. సెకనుకు ఐదు టిక్కులు. నాయనమ్మ నాడి చూశాను, 76.